వాపసు కోరిన గుసగుస

కంప్యూటర్లో, ఫోన్లో ఆడే ఆటలమ్మే కంపెనీ ఫోన్ల గదిలో ఆమెను అందరూ మ్యూటక్క అంటారు. అవతల ఎవరైనా గొంతు పెంచితే చాలు, గబుక్కున మ్యూట్ నొక్కి, కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకుంటుంది. ఆ తర్వాతే "చెప్పండి సార్" అంటుంది. ఆట కొని, నచ్చలేదని డబ్బు వాపసు అడిగేవాళ్లంతా ఆమె నెత్తినే పడతారు మరి. చిన్నప్పుడు తండ్రి చెప్పులు విడిచే చప్పుడును బట్టే ఆ పూట దెబ్బలున్నాయో లేవో కనిపెట్టేసేదట. పాడు భయం! పిల్లల తల్లయినా వదల్లేదు.

ఆ రోజు అవతలి గొంతు పెరగనే లేదు. గుసగుసలాడింది.

"అక్కా, నాన్న ఫోన్లో ఆట ఆడుతూ బొమ్మకి డ్రెస్సులు కొనేశాను. బోలెడు కొనేశాను. డబ్బులు వెనక్కి ఇచ్చేయవా?"

"నాన్నగారికి ఇవ్వమ్మా ఫోను."

"స్నానం చేస్తున్నాడు. వచ్చేలోపు అయిపోవాలక్కా. నాకు భయమేస్తోంది."

అంతే, మ్యూటక్క చెవులు రిక్కించింది. పిల్ల వెనక నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. డబ్బు కట్టిన కార్డు ఎవరిదో వాళ్లతో మాట్లాడకుండా వాపసు ఇస్తే ఉద్యోగం ఊడుతుంది. పక్క సీటావిడ ఉద్యోగం అలాగే పోయింది. ప్రతి మాటా రికార్డవుతుంది. ఇల్లు గడిచేది ఆమె జీతంతోనే. అన్నీ తెలుసు. తెలిసి ఏం లాభం, ఆ నీళ్లు ఎప్పుడు ఆగిపోతాయోనన్న దిగులే ఆమెను నిలవనివ్వలేదు.

"ఫోన్‌కి ఓ నంబరొస్తుంది, చదివెయ్ తల్లీ. త్వరగా!"

పిల్ల కూడబలుక్కుంటూ చదివింది. ఒక అంకె తప్పింది. మళ్లీ పంపాల్సి వచ్చింది. ఇంతలో నీళ్లు ఆగిపోయాయి. గడియ తీసిన చప్పుడైంది. మ్యూటక్క వాపసు మీట నొక్కేసింది.

"ఏమైందమ్మా?" మగగొంతు. ఫోను చేతులు మారింది.

వేలు దానంతటదే మ్యూట్ మీదికి పోయింది. తాను నోరు మూసుకుంటే అక్కడ పిల్ల గతేం కాను? బలవంతాన వేలు వెనక్కి లాక్కుంది.

"సార్, పాప తప్పేం లేదు. మా కంపెనీ పొరపాటున మీ డబ్బులు కట్టయ్యాయి. వెనక్కి వేసేశాం. పాపనేం అనకండి సార్, మీకు దణ్ణం పెడతాను."

కేక వినబడుతుందని మ్యూటక్క కళ్లు మూసుకుంది.

"అదేంటండీ, తప్పు మా అమ్మాయిదేగా?" అన్నాడాయన, ఆయనా గుసగుసగానే. "నేను స్నానం చేసి వచ్చేలోపు నువ్వు చేసింది నువ్వే చెప్పి అడుగు అని నేనే ఫోనిచ్చాను. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే దానికి బెరుకు. పసివాడు నిద్రపోతున్నాడని మెల్లగా మాట్లాడుతున్నాం. మీరెందుకమ్మా అలా వణికిపోతున్నారు?"

ఏం చెబుతుంది! రూలు తప్పింది, పైగా అబద్ధం. రెండూ రికార్డులోకి ఎక్కి కూర్చున్నాయి. అద్దాల గదిలో టీం లీడర్ హెడ్‌సెట్ తీసి, ఇటు రమ్మని చెయ్యి ఊపుతున్నాడు.

"మా సార్ వినేశాడండీ," అంది, ఏడుపు గొంతుతో.

"ఉండండి, చొక్కా వేసుకొచ్చి మాట్లాడతా," అని ఆయన ఫోను పిల్లకిచ్చాడు.

"మీ సార్ తిడతాడా అక్కా?"

"తిడతాడమ్మా. భయంగా ఉంది."

"నాన్నకి చెప్పేటప్పుడు నాక్కూడా కాళ్లు వణికాయి. అయినా చెప్పేశాను. ఏమీ అనలేదు తెలుసా? నువ్వూ చెప్పెయ్. కావాలంటే మా నాన్న మీ సార్‌తో మాట్లాడతాడులే."

మ్యూటక్క గబుక్కున మ్యూట్ నొక్కింది. పిల్లకు ఏడుపు వినబడకూడదు కదా. కళ్లు తుడుచుకుని మళ్లీ లైన్లోకి వచ్చింది.

"పెట్టేయకు తల్లీ, నాన్ననీ ఉండమను," అని చెప్పి, కాళ్లు వణుకుతుండగానే అద్దాల గదికి వెళ్లింది.