డైనమో పోయింది, కారు మిగిలింది

నాంపల్లి స్టేషన్ ముందు సిగ్నల్ దగ్గర మా పాత ఇంగ్లీషు కారు మళ్లీ ఆగిపోయింది. మా నాన్న కొన్న కారు. ఆబిడ్స్‌లో మా బట్టల దుకాణానికి ఇప్పటికీ అందులోనే వెళ్తాను. బండి పరుగెత్తితేనే దాని డైనమో బ్యాటరీని చార్జి చేస్తుంది. నిలబడితే హెడ్‌లైట్లూ హారనూ కలిసి ఉన్నదంతా తాగేస్తాయి. అది తయారైన కాలంలో ఇన్ని సిగ్నళ్లు లేవు మరి.

నేను దిగి తోస్తుంటే ఒక పెద్దమనిషి వచ్చి చెయ్యి వేశాడు. పాత కార్లు కొని అద్దాల షెడ్డులో పెట్టుకుంటాడట, రోడ్డెక్కించడట. "అమ్ముతరా సేఠ్?" అన్నాడు.

ఇక్కడే నా పెంపకం నన్ను ముంచింది. దుకాణాల మధ్య పెరిగినవాడికి, ధర అడిగితే చెప్పకుండా ఉండటం చేతకాదు. అమ్మే ఉద్దేశం లేదు కాబట్టి ఆకాశమంత ధర చెప్పాను. బేరమాడతాడు, కాలక్షేపమవుతుందనుకున్నాను.

"ఔ, తీసుకుంట. శుక్రవారం వస్త," అన్నాడాయన.

మా బజారులో ఒక కట్టుబాటు ఉంది. చెప్పిన ధరకు గిరాకీ తలూపితే సరుకు ఇచ్చి తీరాలి. అతను తగ్గించమని మళ్లీ నోరు తెరిస్తేనే ఆ మాట చెల్లదు.

ఇంట్లో మా ఆవిడ నవ్వింది. "లోకానికంత బేరం నేర్పుతరు. మీ కారు మీరే అమ్ముకొనొచ్చిన్రా?"

"అమ్మలే. రేటు చెప్పిన."

"గాయన ఒప్పుకున్నడు గద. దాన్ని అమ్ముడే అంటరు."

ఇంజను ఎన్నడూ వేడెక్కకుండా అద్దాల వెనక నిలబడ్డ మా కారును ఊహించుకుంటే ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున్నే నాంపల్లి సందులో కార్ల ఎలక్ట్రిక్ పని చేసే మిస్త్రీ దగ్గరికి పోయాను. డైనమో పీకి, బండి నిలబడ్డా చార్జి చేసే ఆల్టర్నేటర్ పెట్టమన్నాను, దానికి తగ్గ కొత్త బ్యాటరీ కూడా.

"సోంచాయించున్రి సేఠ్. ఇంజనుకు కొత్త బ్రాకెట్ పెడితే ఒరిజినల్ పోతది. పాత బండ్లు షోకుకు కొనేటోళ్లు మళ్ల మొకం చూడరు."

"నాకు గదే కావాలె."

పాత డైనమో, పాత బ్యాటరీ అతనికే ఇచ్చేశాను. పనికి చెప్పినంతా బేరం లేకుండా ఇచ్చాను. మిస్త్రీ పానా కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంది సేఠ్, దవాఖానకు పోదామా?"

ఈ కారులో బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిసి ఉండేది. ఆల్టర్నేటర్ కోసం దాన్ని తిరగేసి మైనస్ కలిపాడు. ఇప్పుడు బండి నిలబడి ఉన్నా మీటరు ముల్లు చార్జి వైపే మొగ్గుతోంది.

శుక్రవారం పెద్దమనిషి దుకాణానికి వచ్చాడు. పక్క దుకాణంవాళ్లు టీ గ్లాసులతో చుట్టూ చేరారు. తాళాలు ఆయన చేతిలో పెట్టాను.

"చెప్పిన రేటే. బానెట్ ఎత్తి చూసుకోన్రి, తర్వాత అనొద్దు."

ఎత్తాడు. తల లోపలికి పెట్టి వెతికాడు.

"డైనమో ఏది?"

"మిస్త్రీకిచ్చిన."

"ఒరిజినల్ ఖరాబ్ చేసిన్రు గద సేఠ్. గిట్లయితే గా రేటు ఎవలిస్తరు? జర తగ్గించున్రి."

నేను ఆయన చేతిలోంచి తాళాలు తీసుకున్నాను.

"తగ్గించమన్నరు. పాత మాట ఇగ చెల్లదు."

"ఇది మోసం గాదా?" అన్నాడు పక్క దుకాణాయన.

"తాళాలిచ్చిన. బేరం పెట్టింది ఎవరు?"

పక్క దుకాణాయన తల గోక్కుని టీ తాగాడు. జీవితమంతా కొనబోయే సరుకుకు వంకలు పెట్టినవాణ్ణి. అమ్మకుండా ఉండటానికి సొంత సరుకును నేనే చెడగొట్టుకున్నాను. అనుకునేవాళ్లు ఏమన్నా అనుకోనీ.

"సరే, ఎంతకిస్తరు మరి?" అన్నాడు పెద్దమనిషి.

ధర నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"అమ్మేది లేదు."

పట్టపగలు హెడ్‌లైట్లు రెండూ వేసుకుని బయలుదేరాను. నాంపల్లి సిగ్నల్ ఎర్రగా ఉంది. ఇంజను ఆగలేదు, లైట్లు మసకబారలేదు. వెనక ఎవరో హారన్ కొట్టారు. నేనూ కొట్టాను, తృప్తి తీరేదాకా.