తెల్ల కుక్కకు పెట్టిన గడియ

మా మామ ఆ కుక్కను ఇంటికి తెచ్చిన రోజు నేను నిజంగానే ఏడ్చాను. ఇల్లంటే ఎంత ఇల్లు? బంగారు గని పనివాళ్ల వరస ఇళ్లలో, మైను లైన్లలో, కంపెనీ ఇచ్చిన ఒక్క గది, దాని ముందు తడికెలు కట్టుకున్న వసారా, వెనక నీళ్లు పోసుకునే మూల. అందులో అత్త, మామ, నా మొగుడు, నేను. నలుగురం పడుకుంటే మంచినీళ్ల కుండకు చోటు కావాలన్నా ఎవరో ఒకరు కాళ్లు ముడుచుకోవాలి. అలాంటి కొంపలోకి, కోడిగుడ్డు ఆకారం మూతి, ఒళ్లంతా కండలు తిరిగిన తెల్ల కుక్కను బారెడు తోలు పట్టీతో పట్టుకొచ్చి, ఇంగ ఇది మనదేనమ్మా అన్నాడు మామ.

కంపెనీ సర్కారు చేతికి వచ్చాక దొరలు ఒక్కొక్కరే పెట్టెలు సర్దుకున్నారు. చివర్లో మిగిలిన కొద్దిమందిలో ఒకాయన బంగళాకు మామ కాపలా. అంతకుముందు ఆయనా లోపల పనిచేసినవాడే. ఒకసారి మైనులో రాళ్లు విరుచుకుపడి, ఒకటిన్నర రోజు వాటి వెనక చీకట్లో ఇరుక్కుపోయి, ఎవరి పుణ్యమో బతికి బయటికొచ్చాడు. ఇక లోపలికి దిగలేడని పైపని ఇచ్చారు. దొర దేశం వదిలిపోతూ కుర్చీలు, పింగాణీ పళ్లేలు అమ్ముకున్నాడు. కుక్కను మాత్రం మామ చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకుంటూ కారెక్కాడు. లాభమొచ్చేది అమ్ముకుని నోరున్నదాన్ని మనకిచ్చిపోయినాడని అత్త వారం రోజులు దెప్పింది.

బుల్ టెర్రియర్ అంటారట ఆ జాతిని. దొర పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగలేదు. అత్త దాన్ని ‘ఒరేయ్’ అనేది, అదీ పలికేది. బంగళాలో గుడ్లు, పాలు మరిగిన ప్రాణం మా రాగి ముద్దను మొదటి రెండు రోజులు వాసన చూసి వదిలేసింది. మూడో రోజు బోటీ పులుసు పోస్తే గిన్నె కూడా నమిలింది. తెల్ల బొచ్చు కింద చర్మం గులాబీరంగు. ఎండకు చెవులు కందిపోయేవి, కొబ్బరినూనె రాయాలి. చలికాలం వణికేది, గోనెసంచికి నాలుగు కంతలు చేసి నేనే చొక్కా కుట్టాను. అత్త దాన్ని తాకితే తలస్నానం చేసేది కాబట్టి ఈ సేవలన్నీ నా నెత్తినే పడ్డాయి.

అన్నిటికంటే కష్టం దానికున్న బలం. ఆ బలం ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. ఒకరోజు బయట తిప్పకపోతే వాకిలి చట్రం కొరికేది. రెండు రోజులు తిప్పకపోతే తన తోకను తానే పట్టుకోవాలని గుండ్రంగా తిరగడం మొదలుపెట్టేది. ఒకేచోట, నోట నురగ వచ్చేదాకా. తల గోడకు కొట్టుకున్నా ఆగేది కాదు. నలుగురికి చాలని ఆ గదిలో మధ్యన అది అలా తిరుగుతుంటే మేం నాలుగు మూలల్లో నాలుగు బొమ్మల్లా నిలబడేవాళ్లం. నాకు మాత్రం భయం కాదు, ఒళ్లు మండేది. తిరగాలన్న బుద్ధి నాకు పుట్టదా? నేను అణుచుకోలేదా?

నాది బూదికోట. మా నాయనకు రాగి చేను, పట్టుపురుగులు. మల్బరీ ఆకు కోయడానికి తెల్లారకముందే చేలకు పోయి ఎండెక్కాక వచ్చేదాన్ని. కాళ్లు నావి, దోవ నాది. లైన్లకు కోడలిగా వచ్చాక నా లోకం కుళాయి, చివరి అంగడి, నెలకోసారి అత్త కొంగు పట్టుకుని రాబర్ట్‌సన్‌పేట బజారు. లైన్లలో ఆడది ఊరికే నడవకూడదని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? గుమ్మం దాటితే చాలు, రెండు వరసల్లోని గుమ్మాలన్నీ “యాడికి మే?” అని అడిగేవి. నడవాలనుంది అనేది జవాబు కాదు.

ఆ ఏడు మామకు దగ్గు ముదిరింది. కుక్క ఒక్క లాగు లాగితే ఆయన బోర్లా పడే పరిస్థితి. నా మొగుడు షిఫ్టు నుంచి వచ్చి చాప మీద ఒరిగితే పిడుగు పడ్డా లేవడు. ఇంట్లో కుక్క తిరుగుడు, బయట జనం మాట, మధ్య నేను అడకత్తెరలో పోకచెక్కను. చివరికి ఒకరోజు పొద్దున్నే కొంగు బిగించి పట్టీ అందుకున్నాను. నేను దాన్ని తిప్పానని చెప్పుకోను. అదే నన్ను ఈడ్చుకుపోయింది. లైన్లు దాటించి, రైలు కట్ట దాటించి, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసే సైనైడ్ దిబ్బల దాకా తీసుకుపోయింది. ఆ బూడిదరంగు దిబ్బ మీద గాలి మొహానికి కొట్టింది. దూరంగా మా ఊరి వైపు కొండలు కనిపించాయి. పెళ్లయ్యాక మొదటిసారి ఎవరూ లేనిచోట నిలబడ్డాను. అరచేతులు బొబ్బలెక్కాయి. నాకు నవ్వొచ్చింది.

ఆ తర్వాత రోజూ పొద్దున రెండు గంటలు. ‘యాడికి మే’ అంటే ‘కుక్కను తిప్పేదానికి’ అనేదాన్ని. ఆ మాటకు తిరుగులేదు. పట్టీని మణికట్టుకు ఒక చుట్టు చుట్టి, మోచెయ్యి నడుముకు ఆనిస్తే దాని లాగుడు ఆగుతుందని నేర్చుకున్నాను. ఏదైనా కరిచిపట్టిందంటే కొట్టినా వదలదు, మెడపట్టీ మెలిపెట్టి ఓపిగ్గా నిలబడితే వదులుతుందని నేర్చుకున్నాను. ఒక్కోరోజు దానికి ఒంట్లో బాగాలేకపోయినా తీసుకుపోయేదాన్ని. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు. అది నా కుక్క కాదు, నా బయటిదోవ.

లైన్లలో ఒక నియమం ఉండేది. షిఫ్టు వేళ కాని వేళ సైరన్ కూస్తే లోపల ఏదో జరిగిందని అర్థం. ఆడవాళ్లంతా చేతిలో పని చేతిలోనే వదిలేసి, గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరుగెత్తాలి. పొయ్యి మీద ఉన్నది మాడినా సరే, తలుపు మాత్రం మూయకూడదు. పైన తలుపు మూస్తే లోపలివాడి దోవ మూసుకుపోతుందని నమ్మకం. మా మామకైతే ఏ రోజైనా అంతే. ఆ ఒకటిన్నర రోజు చీకటి తర్వాత ఆయన మూసిన గదిలో పడుకోలేదు. చలికాలమైనా మా తలుపు ఓరగా తెరిచే ఉండేది. కుక్క పారిపోకుండా పట్టీతో వసారా గుంజకు కట్టేవాళ్లం.

ఆ రోజు పట్టీ ఎండిపోయిందని ఆముదం రాసి గోడ మీద ఆరేశాను. కుక్క గదిలో విడిగా ఉంది. మామ ఖాళీ బంగళా కాపలాకు, నా మొగుడు పగలు షిఫ్టుకు పోయారు. అత్త రోలు దగ్గర, నేను పొయ్యి దగ్గర. సైరన్ కూసింది. అత్త అప్పుడే వీధిలో ఉంది. నేనూ వీధిలోకి దూకాను. వీధంతా ఆడవాళ్ల పరుగు, పిల్లల ఏడుపు. గుమ్మంలో కుక్క నిలబడి వణుకుతోంది. ఇది ఇప్పుడు జనంలో పడితే రాళ్లతో కొట్టి చంపేస్తారు అనుకున్నాను. అనుకుని, వెనక్కి నాలుగడుగులు వేసి, దాన్ని లోపలికి తోసి, తలుపు లాగి గడియ పెట్టాను. తల తిప్పేసరికి అత్త నిలబడి చూస్తోంది.

షాఫ్టు దగ్గర తాడు ఇవతల నిలబడ్డాం. మనుషుల్ని పైకి తెచ్చే కేజీ వచ్చిన ప్రతిసారీ అందరం మెడలు చాచి మొహాలు వెతికేవాళ్లం. మూడో కేజీలో నా మొగుడు వచ్చాడు. కుడిచేతికి చుట్టిన గుడ్డ నెత్తుటితో తడిసి ఉంది. రెండు వేళ్లు నలిగిపోయాయి. లోపల రాళ్లు పడ్డా ఆ రోజు ఎవరి ప్రాణమూ పోలేదు. అత్త కొడుకును పట్టుకుని ఏడ్చింది కానీ నా వైపు చూడలేదు. ఆస్పత్రి నుంచి ఇల్లు చేరి ఆమే గడియ తీసింది. లోపల కుక్క తిరుగుతూనే ఉంది. పిండి నేలపాలైంది, దాని తోక కొస నుంచి రక్తం గోడల మీద చిందింది. అప్పుడు అంది, గొంతు పెంచకుండా: “నా కొడుకు గుంతలో ఉండంగా నువ్వు కుక్కను కాపాడుకున్న్యావు గదమే.”

గడియకు, రాళ్లు పడటానికి సంబంధం లేదని నాకు తెలుసు. కానీ ఆ నాలుగడుగులు వేసినప్పుడు నా మొగుడు నా తలలో లేడు. రేపటి పొద్దున నడక ఉంది. అత్త పట్టేసింది.

కుక్క ఉన్న ఇంట్లో ముద్ద ముట్టనని అత్త కూర్చుంది. మూడో రోజు మామ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. “మూసిపెట్టి సాకేది సాకడం కాదమ్మా. ఆ చీకటి ఎట్లుంటాదో నాకు తెలుసు. ఇడిచిపెట్టే తావుకు పంపిద్దాం.” శ్రీనివాసపురంలో మా అక్క మొగుడికి తెలిసిన మామిడితోట ఆసామి ఉన్నాడు. కాయల మీద దొంగలు పడకుండా గట్టి కుక్క కావాలన్నాడు. లారీ వచ్చింది. వచ్చినవాళ్లు ఇనుప గొలుసు తెచ్చుకున్నారు, తోలు పట్టీ మాకే వదిలేశారు. గొలుసు చూసినప్పుడే నాకు అర్థం కావాల్సింది. షికారు అనుకుని అది ఉత్సాహంగా లారీ ఎక్కింది.

తర్వాత ఒక పొద్దున ఒంటరిగా బయలుదేరి చూశాను. మూడో గుమ్మంలోనే ‘యాడికి మే’ అన్నారు. కుళాయికి అన్నాను. చేతిలో బిందె లేదు. వెనక్కి వచ్చేశాను.

మామిడికాయల కాలంలో అక్క ఇంటికని చెప్పి శ్రీనివాసపురం పోయాను. మండీ దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్య నుంచి తోట దాకా వేగంగా నడిచాను. ఒక చెట్టు మొదలుకు గొలుసు, గొలుసు చివర అది. చెట్టు చుట్టూ గొలుసు పొడవున గడ్డి లేదు. గుండ్రంగా నేల అరిగి గుంట పడింది. విడిస్తే కాయలు కోసేవాళ్ల పిక్కలు పట్టుకుంటాదని, వచ్చినప్పటి నుంచి విడవలేదని కాపలా మనిషి చెప్పాడు. చెవులు ఎండకు పొట్టు లేచాయి. అది మొరగలేదు, ఎగరలేదు. నా మొహం చూడలేదు. నా చేతివైపు చూసింది, పట్టీ ఉందేమోనని. నా జడలోని నూనె వేళ్లకు అద్దుకుని దాని చెవులకు రాశాను. అంతకంటే ఏమీ చేయలేకపోయాను.

ఇంటికి వచ్చేసరికి మామ మంచం మీద కూర్చుని దోవ చూస్తున్నాడు. అప్పటికి కుళాయి దాకా నడవడానికి కూడా ఊపిరి చాలేది కాదు. మంచినీళ్లు తాగనివ్వకుండా అడిగాడు.

“ఇడిచిపెట్టినారా?”

నిజం చెబితే ఆ రొమ్ము దగ్గుతోనే లేచి శ్రీనివాసపురం బయలుదేరేవాడు. నాకు తెలుసు. నోరు దానంతట అదే పలికింది.

“ఇడిచిపెట్టినారు మామా. తోటంతా దాందే.”

ఆయన మొహం వెలిగిపోయింది. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గుతూనే నవ్వాడు. అట్లయితే ఇంగ మనం పోయి దాని మనసు చెరపకూడదమ్మా, పోవద్దు అన్నాడు. పట్టీని మేకు మీద నుంచి తీయించి, మూత సరిగా పడని ట్రంకుపెట్టెకు బిగించి కట్టాడు. దాన్ని తిరిగి తెచ్చుకుందామనే మాట ఇక నేను ఏ మొహంతో ఎత్తను? రెండోసారి కూడా గడియ పెట్టింది నేనే.

ఆయన ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. ఆ రెండేళ్లూ మా ఇంటి తలుపు తెరిచే ఉంది. నేను కుళాయి దాకా పోయి వచ్చేదాన్ని.