అంపైర్ మనవాడే: హాయిల్ పొలాల్లో ఒక శుక్రవారం ఆట

ఈ ప్రయాణం ఒక తగువుతో మొదలైంది. ఆ ఆదివారం జరిగిన అంతర్జాతీయ మ్యాచ్‌ను సౌదీలోని ఉనైజాలో మా ఖర్జూరాల షెడ్డు వెనక గదిలో అందరం ఒకే ఫోను చుట్టూ మూగి చూశాం. ఏ దేశాలో రాయను, ఏవైనా ఇదే కథ. బంతి ఫీల్డరు వేళ్ళలో పడిందో, ముందు నేల తాకిందో తెలియని క్యాచ్ ఒకటి వచ్చింది. మూడో అంపైర్ దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి తిప్పి చూసి ఔట్ అన్నాడు. మా గదిలో అందరూ అతణ్ణి అమ్ముడుపోయినవాడన్నారు. గోడకు అవతల పాకిస్తానీల గదిలోనూ అదే అంపైర్‌ను తిడుతున్నారు, ఇంకో బంతి గురించి! ఆట ముగిశాక రెండు జట్లూ చేతులు కలపకుండా ఎవరి మెట్లు వాళ్ళు ఎక్కిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాట్సాప్ గ్రూపులో ఇంత పొడవు సందేశం పెట్టాను. ఆట పేరుతో దేశాలు ఎలా బుద్ధి తప్పుతున్నాయో, తీర్పు చెప్పేవాడికి పక్షం ఎందుకు ఉండకూడదో రాశాను. నేను డిగ్రీ మధ్యలో ఆపినవాణ్ణి. నా చదువంతా సభల దగ్గర పంచే కరపత్రాలూ పది రూపాయల చిన్న పుస్తకాలూ. వాటిలో ఒక మాట నాకు బాగా పట్టింది: ఎవరి తగువుకు వాళ్ళే తీర్పరి కారాదు. ఆ మాటతోనే సందేశం ముగించాను. గ్రూపులోంచి తీసేశారు.

ఇక క్రికెట్ జోలికి పోనని ఒట్టు పెట్టుకున్న మర్నాడే రాజేశం బావ ఫోన్ చేశాడు. మా పెద్దమ్మ కూతురి భర్త. జగిత్యాల దగ్గర మా పక్క ఊరు. హాయిల్ బయట ఒక పెద్ద గోధుమ పొలంలో తాపీ పని, మరమ్మతులు చూస్తాడు. "బామ్మర్దీ, ఫైనల్ ఎగ్జిట్ పడ్డది, ఇగ ఇంటికే. మంగళవారం ఫ్లైటు. గీ శుక్రవారం పాకిస్తానోళ్ళ మీద నా ఆఖరి ఆట. ఇన్నేండ్లల్ల వాళ్ళ మీద ఒక్కసారి గూడ ఆఖరిదాక నిలవడి గెలిపియ్యలే. ఈసారి గెలిపిచ్చే పోత. రా, సూద్దువు." ఒట్టు అక్కడే పోయింది.

ఉనైజా నుంచి హాయిల్‌కు వెళ్ళాలంటే బురైదా వైపు రైలు స్టేషన్‌కు చేరుకుని రైలెక్కడం సుఖమైన పని, గంటన్నరలోపే దించేస్తుంది. కానీ గురువారం టికెట్లు ముందే అయిపోతాయి. బస్సుకు నాలుగు గంటలు పట్టవచ్చు, అప్పట్లో టికెట్ డెబ్బై రియాళ్ళ చిల్లర ఉంది. నా అదృష్టం కొద్దీ మా షెడ్డు డ్రైవర్ మస్తాన్ అన్న ఆ మధ్యాహ్నం ఖర్జూరాల డబ్బాలతో అటే పోతున్నాడు. కడప మనిషి. డ్యూటీ దిగగానే రెండింటికి బండెక్కాను. బురైదా దాటాక రోడ్డు గీత గీసినట్టు ఉంటుంది, ఇసుక, కరెంటు స్తంభాలు, అప్పుడప్పుడూ ఒంటెలు. నిద్ర రాకుండా ఉండాలంటే మాట్లాడాలి కాబట్టి ఆ క్యాచ్ సంగతి ఎత్తాను.

"ఆ అంపైరు నీకేమన్నా మేనమామా, చిన్నాయనా? నీకెందుకబ్బీ అంత మంట?" అన్నాడు మస్తాన్ అన్న.

"అన్యాయం జరిగితే మంట ఉండొద్దా అన్నా?"

"మా ఊర్లో అయితే బ్యాటు ఎవుడిదో వాడు ఔట్ గాడు. ఔటంటే బ్యాటు చంకన బెట్టుకోని ఇంటికి పోతాడు. అట్లనే ఆడినాం, అట్లనే పెద్దోళ్ళమైనాం. ఎవురూ సావల్యా."

"అందుకే దేశం ఇట్లా ఉంది."

"ఓరి నీ పాసుగూల! బ్యాటు కాడి నుంచి దేశం కాడికి పోతివే!" అని స్టీరింగ్ మీద కొట్టి నవ్వాడు. నాకు కోపం వచ్చింది. దారిలో పెట్రోలు బంకు దగ్గర రెండేసి రియాళ్ళ కరక్ చాయ్ ఆయనే ఇప్పించాడు కాబట్టి అణచుకున్నాను. సాయంత్రానికి ఎర్రటి అజా కొండలు కనిపించాయి. అంతసేపు చదును చూసి చూసి ఉన్న కళ్ళకు అవి మా వైపు గుట్టల్లాగే అనిపించాయి. పొలం హాయిల్ ఊరికి అరగంట ఇవతలే. మీరు సొంతంగా వెళితే ఊళ్ళోంచి టాక్సీ వాళ్ళు మొదట యాభై అడుగుతారట, నలభైకి వస్తారని బావ చెప్పాడు.

బావ నన్ను మొదట తీసుకెళ్ళింది గదికి కాదు, పిచ్ దగ్గరకు. గుండ్రటి గోధుమ చేల మధ్య మిగిలిపోయిన గట్టి నేల మీద సన్నటి సిమెంటు పట్టీ. మిగిలిన సిమెంటు అడుక్కుని, రెండు జట్లవాళ్ళూ మోస్తే, తాపీ పట్టింది బావే. అక్కడే పాకిస్తానీ జట్టు కెప్టెన్ ఇక్రమ్ కలిశాడు. సియాల్‌కోట్ వైపు మనిషి, నీటి యంత్రాల మెకానిక్, వికెట్ కీపర్. వాళ్ళ మాటల్లో ఆట పద్ధతులు తెలిశాయి. టెన్నిస్ బంతికి కరెంటు టేపు చుట్టి ఆడతారు, ఎల్బీడబ్ల్యూ లేదు. అంపైర్‌గా బ్యాటింగ్ చేసే జట్టు మనిషే నిలబడతాడు.

నేను నమ్మలేకపోయాను. "బావా, బ్యాటింగ్ మనది, తీర్పూ మనదేనా? దొంగ చేతికే తాళాలిచ్చినట్టు!"

"మరెవడు నిలవడాలెరా? ఫీల్డింగోళ్ళకు మనుషులు సాలరు. ఒంటెను పిలుద్దామా?"

"నేనున్నాను గదా. నేను ఆడటం లేదు. న్యూట్రల్."

బావ దాన్ని హిందీలో చెప్పగానే ఇక్రమ్ కడుపు పట్టుకుని నవ్వాడు. "సాలా సాబ్ న్యూట్రల్ హై! రాజేష్ భాయ్ కా సాలా న్యూట్రల్ హై!" బావమరిది కూడా తటస్థుడేనట అని వెనకవాళ్ళంతా నవ్వారు. అదే నవ్వుతో ఇంకో సంగతి చెప్పారు. మొన్న ఆదివారం మ్యాచ్ తర్వాత క్యాంపులో చిన్న తోపులాట జరిగిందట. ఇంకోసారి గొడవైతే పిచ్ తవ్విస్తానని పొలం ముదీర్, అంటే మేనేజర్, హెచ్చరించాడు. అందుకని ఇద్దరు కెప్టెన్లూ ఒక ఏర్పాటు చేసుకున్నారు: టాస్‌కు ముందే చేతులు కలపాలి. ఆట అయ్యాక అవసరం లేదు.

"ఎందుకట్లా?" అన్నాను.

"అయినంక మనసు ఎట్లుంటదో ఎవనికెరుక? మంచిగున్నప్పుడే కలుపుకుంటే అయిపాయె," అన్నాడు బావ, ముందే బాడుగ కట్టేసినంత తేలిగ్గా.

మర్నాడు తెల్లవారగానే, ఎండ ముదరకముందే అందరూ చేరారు. వరసగా నిలబడి చేతులు కలుపుకున్నారు. ఇక్రమ్ నాకూ చెయ్యి చాచాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని, "ఆట చూశాక కలుపుతాను. మీరు న్యాయంగా ఆడితే," అన్నాను నాకొచ్చిన హిందీలో. అతను "చలో, దేఖ్ లో," సరే చూసుకో, అని గ్లోవ్స్ వేసుకున్నాడు. బావ నన్ను చూసిన చూపు బాగాలేదు.

ఎనిమిది ఓవర్ల ఆట. వాళ్ళు ముందు ఆడారు. వాళ్ళ అంపైర్ వాళ్ళ మనిషినే రనౌట్ ఇచ్చినప్పుడు ఆశ్చర్యపోయాను, ఇంకోసారి స్పష్టమైన వైడ్ ఇవ్వనప్పుడు ఇంకా ఆశ్చర్యపోయాను. బ్యాటింగ్ చేసేది తన జట్టే కదా! తర్వాత మనవాళ్ళు దిగారు. అవతలి కొస వికెట్లు రాలుతున్నా బావ నిలబడ్డాడు. తాపీ పని చేసినట్టే ఆడతాడు, తొందర ఉండదు. చివరి రెండు ఓవర్లలో పద్నాలుగు పరుగులు కావాలి, బావ స్ట్రైక్‌లో ఉన్నాడు. గెలుపు ఖాయమనుకుంటూ నేను గీత పక్కన నిలబడి ఈల వేస్తున్నాను. అంపైర్‌గా మా గంగాధర్ నిలబడ్డాడు. ఆర్మూర్ పిల్లవాడు, ఈ మధ్యే వీసా పొడిగించుకున్నాడు.

బంతి కాళ్ళ దగ్గర పడింది. బావ బ్యాట్ దించాడు. టక్ మని శబ్దం. బంతి ఇక్రమ్ చేతుల్లో ఉంది, అందరూ అరుస్తున్నారు. బ్యాట్ తగిలింది సిమెంటుకు. బంతికీ బ్యాట్‌కూ మధ్య జానెడు ఎడం ఉంది, నేను పక్క నుంచి కళ్ళారా చూశాను. గంగాధర్ ఒక్కసారి బావ మొహం చూశాడు, ఒక్కసారి అరుస్తున్నవాళ్ళను చూశాడు. వేలు ఎత్తాడు.

నేను ఎప్పుడు మైదానంలోకి పరిగెత్తానో నాకు తెలియదు. "కళ్ళు దొబ్బినయా? బ్యాట్ తాకింది నేలకు!" అని గంగాధర్ మీదకు వెళ్ళాను. వాళ్ళ జట్టు కుర్రాళ్ళు ఇద్దరు నా వైపు కదిలారు. బావ బ్యాట్‌ను చంకలో పెట్టుకుని వచ్చి నా కాలర్ పట్టుకున్నాడు. "నువ్వు ఆటల లేవు. బయటికి నడువ్. పిచ్ తవ్విపిస్తవా ఏంది?"

"నీకు అన్యాయం చేశాడు బావా, మనవాడై ఉండి!"

గంగాధర్ నా వైపు తిరిగాడు. "సప్పుడైందన్నా. మనోడని ఇయ్యకపోతే వాళ్ళేమనుకుంటరు?"

"అంటే మనవాడు కాబట్టి ఇచ్చావు! అదీ పక్షపాతమే గదరా!"

"మరేం జెయ్యాలె? ఇస్తె ఒకటి, ఇయ్యకపోతె ఒకటి."

అప్పటికి ఇక్రమ్ వంగి క్రీజు దగ్గర వెతుకుతున్నాడు. సిమెంటు అంచు నుంచి అప్పుడే రాలిన పెచ్చు ఒకటి వేళ్ళతో ఎత్తి అందరికీ చూపించాడు. "రాజేష్ భాయ్, జమీన్ పే లగా థా. వాపస్ ఆ జావో." తన జట్టులో ఒకడు గొణిగితే చెయ్యెత్తి ఆపాడు కూడా. బ్యాట్ నేలకే తగిలిందని ఒప్పుకుని, వెనక్కి వచ్చి ఆడమంటున్నాడు! నేను ఆదివారం నుంచి వెతుకుతున్నది ఇదే. నా ఒట్లూ సందేశాలూ అన్నీ దీని కోసమే. గట్టిగా చప్పట్లు కొట్టాను.

బావ తల అడ్డంగా ఊపాడు. "నై భాయ్. ఉంగ్లీ ఉఠ్ గయీ." వేలు లేచింది, అయిపోయింది. అని నడుచుకుంటూ బయటికి వచ్చేశాడు.

నాకు మతి పోయింది. నా పక్కన వచ్చి కూర్చున్న బావను పట్టుకుని కుదిపాను. "తప్పని వాళ్ళే ఒప్పుకున్నారు గదా బావా! ఆఖరి ఆట అన్నావు, గెలిపిస్తానన్నావు!"

బావ బూట్లు విప్పుకుంటున్నాడు. ముడి పడ్డ లేసును గట్టిగా లాగాడు. "నేను మంగళవారం పోత. గంగడు ఇంకా రెండేండ్లు గీడనే నిలవడాలె. ఇయ్యాల నేను తిరిగిపోతె, రేపటిసంది వాడు వేలెత్తిన ప్రతిసారి ఎవడో ఒకడు నేల మీద పెచ్చులు ఏరుతడు."

"కానీ వాడు తప్పే చేశాడు."

"చేసిండు," అన్నాడు బావ. "నాకు మండుతలేదా? మస్తు మండుతుంది. జర సప్పుడు జేయకు."

మూడు పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆట అయ్యాక ఎవరూ ఎవరికీ చెయ్యి ఇవ్వలేదు. ఆదివారం ఫోనులో ఏం చూశానో అచ్చంగా అదే కనిపించింది, మెట్లు తప్ప. ఒకటి తప్పని తిట్టి, రెండోది ఒప్పని ఎలా అనను? వాళ్ళు పొద్దునే కలుపుకున్నారు కాబట్టా? లేక అయ్యాక పక్కపక్కనే కూర్చుని పరోటాలు తిన్నారు కాబట్టా? గంగాధర్ ఒక్కడే దూరంగా కూర్చుంటే ఇక్రమ్ వాడి ఒళ్ళోకి ఒక పరోటా విసిరాడు. వాడు తిన్నాడు. నేను మాత్రం నా పరోటాను పక్కన పెట్టేశాను.

తర్వాత బావ గది నుంచి తాపీ, అర సంచి సిమెంటు తెచ్చాడు. క్రీజు దగ్గర రాలిన అంచును కొట్టి శుభ్రం చేసి, కొత్త సిమెంటు నింపాడు. ఇక్రమ్ చేతులతోనే ఇసుకా సిమెంటూ కలిపి అందించాడు. నన్ను నీళ్ళ క్యాన్ మోయమన్నారు. పైన తడి గోనెపట్టా పరిచి, "రెండు రోజులు తడుపుండ్రి. ఎవడు బ్యాట్ ఆనిచ్చినా తంత," అన్నాడు బావ. తాను ఇక ఆ పిచ్ మీద ఆడడు. జుమా నమాజుకు వేళవుతోందని ఇక్రమ్ లేచాడు. మోచేతుల దాకా బూడిద రంగు సిమెంటు. నా ముందు ఆగి, అరచేతులు పైకి పెట్టి, మోచెయ్యి చాచాడు. "సాలా సాబ్, దేఖ్ లియా?"

చూశాను. ఆ మోచెయ్యి పట్టుకున్నాను. ఏ తీర్పు ఇచ్చి పట్టుకున్నానో మాత్రం నాకే తెలియదు.

తిరుగు బస్సులో అద్దానికి తల ఆనించి ఆ చిన్న పుస్తకంలోని మాటనే తిప్పి తిప్పి చూసుకున్నాను, మూడో అంపైర్ లాగా. ఎవరి తగువుకు వాళ్ళే తీర్పరి కారాదు. ఆ మాట ఇప్పటికీ సరైనదనే నమ్ముతున్నాను. ఇన్ని కెమెరాలూ పక్షం లేని అంపైర్లూ ఉన్నచోట ఎవరూ ఎవరినీ నమ్మడం లేదు. పక్షం ఉన్నవాణ్ణే నిలబెట్టినచోట వాడు తనవాడికే అన్యాయం చేశాడు, న్యాయం చేస్తానన్నది అవతలివాడు, వద్దన్నది నష్టపోయినవాడు. దీన్ని ఏ కరపత్రంలో ఎక్కడ ఇరికించాలో తెలియడం లేదు. గంగాధర్‌ను నేను ఇంకా క్షమించలేదు. వాడి స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణో కూడా చెప్పలేను. మంగళవారం విమానం ఎక్కేముందు బావ ఫోన్ చేసి వాడి సంగతే అడిగాడు: "గంగనికి ఫోన్ జేసినవారా? జెయ్. గోనెపట్టా తడుపుతుండో లేదో అడుగు." చేశాను. తడుపుతున్నాడట.

అటువైపు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ఇకామా, అంటే నివాస కార్డు, జేబులో పెట్టుకోండి, శుక్రవారం మధ్యాహ్నం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి తిరుగు బస్సు సాయంత్రం అసర్ నమాజు తర్వాతది చూసుకోండి, ఇవి అందరూ చెప్పేవే. నేను చెప్పేది ఇది: పొలాల్లో ఆట చూడాలంటే గురువారం రాత్రికే చేరుకుని, పొద్దున టాస్‌కు ముందే మైదానంలో ఉండండి. చేతులు కలిపేది అప్పుడే.