కత్తిపీట ఉంచి పొయ్యి పారేసిన రోజు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్ పిలుపిస్తే బస్సులు ఆగేవి, రైళ్లు ఆగేవి. జనగామలో మా కాలేజీ కంప్యూటర్ ల్యాబు మాత్రం ఏ పిలుపూ లేకుండానే ఆగింది. కేవలం నా తెలివి వల్ల!

అప్పుడు నేను ల్యాబు ఇన్‌చార్జిని. కొత్త ఉద్యోగం, ఒంటినిండా ఉత్సాహం. కంప్యూటర్లేమో ముసలివి, నత్తల్లా నడిచేవి. భారం తగ్గిద్దామని లోపలున్న సాఫ్ట్‌వేర్లన్నీ జాతులవారీగా విడదీశాను. కోడు టైపు చేసుకునేవన్నీ ఎడిటర్లే అని తేల్చాను. ఒక ఒరలో ఇన్ని కత్తులెందుకు? అన్నిటికంటే చిన్న ఎడిటర్‌ని ఉంచి మిగతావన్నీ తీసేశాను. చూశారా తెలివి!

మర్నాడే ప్రాక్టికల్స్ అనగా, పెద్దవంగర నుంచి వచ్చే కవిత చెయ్యెత్తింది.

"సార్, ప్రోగ్రాం టైపు చేసిన. రన్ ఏడ నొక్కాలె?"

"అక్కడే ఉంటది, జర మంచిగ చూడు."

"ఏడ లేదు సార్. తప్పులు గూడ చూపెడ్తలేదు. రేపు పరీక్షకొచ్చే సారుకు ఏం చూపెట్టాలె?"

నేనూ వంగి వెతికాను, నిజంగానే లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, స్పీడుకు మందేస్తే ల్యాబే ఊడింది. సీనియర్ లెక్చరర్ యాదగిరన్న దగ్గరికి పరుగెత్తాను.

"ఏం తీసేసినవ్ తమ్మీ?"

"అన్ని ఒక్క తీరువే గద అన్నా, ఒక్కటి ఉంచిన."

ఆయన తల పట్టుకున్నాడు. "నువ్వు ఉంచింది కత్తిపీట. తీసేసింది డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్, అంటే ప్రోగ్రాం రాసి, నడిపి, తప్పులు పట్టే మొత్తం వంటిల్లు! కత్తిపీట అండ్ల గూడ ఉంటది. గంతమాత్రాన రెండు ఒకటైతయా? పొయ్యి పాయె, గిన్నె పాయె, ఉప్పు తక్కువైందని చెప్పే అవ్వ గూడ పాయె. రేపు పిల్లలు పచ్చి వంకాయలు తింటరా?"

మళ్లీ ఎక్కించే సీడీ హనుమకొండలో, కంప్యూటర్లు అమ్మినాయన దగ్గరుంది. ఆయన ఫోను ఎత్తడు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఇంట్లో ఏమని చెప్పాలో కూడా మనసులో అల్లుకుంటున్నాను.

ఇంతలో ప్రిన్సిపాల్ సారు తలుపు తీశారు. "రేపు బంద్. ప్రాక్టికల్స్ వాయిదా!"

"జై తెలంగాణ!" అని నేనరిచిన అరుపుకు కిటికీ అద్దాలు అదిరాయి. ప్రాణం లేచొచ్చింది. అంత హాయి నా పెళ్లి రోజున కూడా కలగలేదు.

మర్నాడు కాలేజీ ముందు రోడ్డు మీదే నిరసనగా వంటావార్పు. నినాదాల్లో నా గొంతే అందరికంటే పైన. "గిసొంటి పోరడు కాలేజీకొక్కడుంటే చాలు," అని ప్రిన్సిపాల్ సారు నా భుజం తట్టారు.

యాదగిరన్న వంకాయల గంప నా ముందు పెట్టి చెవిలో చెప్పాడు. "ఇగో కత్తిపీట. కోసుడు నీ పని. పొయ్యి దిక్కు మాత్రం పోకు, ఇంతమంది ఆకలితో ఉన్నరు."

బంద్ ముగిశాక సీడీ వచ్చింది, ల్యాబు లేచింది, పిల్లలు పాసయ్యారు. రాష్ట్రం కూడా వచ్చింది. నేను మాత్రం ఆ వంకాయల సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏది సర్దమన్నా, ముందు పొయ్యి ఎక్కడుందో చూసుకున్నాకే చెయ్యి పెడతాను. ఈ కథ విన్నప్పట్నుంచీ మా ఆవిడ నన్ను వంటింట్లోకే రానివ్వడం లేదు.