గంట వినపడని ఇల్లుబండి

మా ఊరికి కరెంటు వచ్చిన కొత్తల్లో చర్చి గంట మోగితే దీపాలు పెరిగేవి. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి.

గంట కొట్టేది మా నాయనే. పొద్దు వాలగానే ఆయన చర్చి దగ్గరికి పోయి తాడు లాగేవాడు. అప్పటికి మా ఇంట్లో బల్బు పండుటాకు రంగులో, లోపలి తీగ కూడా కనపడేంత నీరసంగా వేలాడుతుండేది. గంట మోగిన కాసేపటికి అది ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నట్టు తెల్లగా విచ్చుకునేది. గోడ మీద నీడలు నల్లబడేవి. మా అమ్మ చేతిలో ఏ పని ఉన్నా ఆపి "స్తోత్రం తండ్రీ" అని చేతులు జోడించేది. అది గంట మహిమ అని ఊరంతా నమ్మింది. నేనూ నమ్మాను. ఆ మాట వస్తే నాయన మాత్రం భుజం మీద తువ్వాలు కొంచెం సరిగ్గా వేసుకునేవాడు.

ఒక్క ఆదివారం సాయంత్రం మాత్రం గంట మోగినా దీపం పెరిగేది కాదు. అమ్మను అడిగితే, "ఆదివారం ప్రభువు గుడిలో ఉంటాడు మే. మనింటి బల్బులోకి ఎందుకొస్తాడు?" అంది. అంతకన్నా మంచి జవాబు అప్పట్లో నాకూ తోచలేదు.

మా ఊరు తోటపల్లి గూడూరు దాటి తూర్పుకు పోతే వస్తుంది. అక్కడినుంచి సముద్రం ఇంకో మైలు. అరవైల నడిమి మాట ఇది. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి, కుట్టు మిషను పెట్టుకుని ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని. చదువు మాత్రం మానలేదు. శనివారం శనివారం పక్క ఊళ్ళో శాఖా గ్రంథాలయానికి నడిచిపోయి పుస్తకాలు తెచ్చుకునేదాన్ని. కథలు అయిపోయాక చరిత్ర, చరిత్ర అయిపోయాక విజ్ఞానం. ఒకసారి విద్యుత్తు గురించిన పుస్తకం తీసుకుంటుంటే లైబ్రరీ అయ్యవారు కళ్ళజోడు మీదినుంచి చూసి, "జాకెట్లు కుట్టేదానికి ఇదెందుకమ్మే?" అన్నాడు. "కరెంటు జాకెట్టు కుడదామనండీ" అన్నాను. ఆ పుస్తకం మూడుసార్లు తెచ్చుకున్నాను. ఆ లైబ్రరీ బీరువాల్లో నేను చదవని పుస్తకం లేదని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

ఆ వేసవిలో సముద్రం ఒడ్డుకు ఒక ఇల్లు నడిచివచ్చింది.

నిజానికది పాత బస్సు. మద్రాసులో ఇంజనీరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన దాన్ని కొని, సీట్లు పీకించి, లోపల ఇల్లు కట్టుకున్నాడు. మంచం, పొయ్యి, గిన్నెల అర, మడిస్తే గోడలోకి పోయే బల్ల, ఒక చిన్న ఫ్యాను, ఒక రేడియో, మూలన నడుమెత్తు ఫ్రిజ్. అదే నేను చూసిన మొదటి ఫ్రిజ్. తలుపు తీస్తే ఎండాకాలంలో లోపలినుంచి డిసెంబరు నెల బయటికి వచ్చింది. మా ఊరివాళ్ళు దాన్ని ఇల్లుబండి అన్నారు. ఒడ్డున పాత ఉప్పు గోదాముకు కరెంటు ఉండేది. పెద్దాయన అనుమతి తీసుకుని అక్కడినుంచి బండికి తీగ లాక్కున్నాడు.

ఆయన ఇదంతా చేసింది భార్య కోసం. ఆమెకు చక్కెర జబ్బు. రోజూ సూది వేసుకోవాలి. ఆ మందు వేడికి పాడైపోతుంది కాబట్టి ఫ్రిజ్ లేని చోట ఉండవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. పెళ్ళయినప్పటినుంచి మద్రాసులో ఎండ కూడా సరిగ్గా రాని సందులో కాపురం చేసిన మనిషి ఆమె. తలుపు తీస్తే సముద్రం కనపడే ఇంట్లో ఒక్క వేసవన్నా ఉండాలని ఆమె కోరిక. ఆ కోరిక తీరడం ఆ మూలనున్న ఫ్రిజ్ చల్లగా ఉండడం మీద ఆధారపడి ఉంది.

కిటికీలకు తెరలు కుట్టాలని నాకు కబురు వచ్చింది. ఎర్ర ఖద్దరు గుడ్డ. మిషను చక్రాల బండి మీద వేయించుకుని పోయి, బస్సులోనే కూచుని కుట్టాను. అప్పుడు చూశాను, మంచం పక్కన నల్లటి ఇనప పెట్టె. దాని మీద ఒక చక్రం, పక్కన ముల్లు ఉన్న మీటరు. నేను చూపు తిప్పుకోలేకపోవడం పెద్దాయన గమనించాడు.

"ఏమిటో తెలుసా అమ్మాయీ?"

"మీటరు వోల్టులు చూపిస్తుందండీ. తొట్టి ఎంత ఎత్తులో ఉంటే నీళ్ళు అంత ఒత్తిడిగా వస్తాయి. వోల్టులంటే ఆ ఎత్తు."

ఆయన కనుబొమలు పైకి పోయాయి. "ఎక్కడ చదివావు?"

"లైబ్రరీలోనండీ. చక్రం సంగతి మాత్రం మా పుస్తకంలో లేదు."

ఆయన ముచ్చటపడి చూపించాడు. గోదాము నుంచి వచ్చే కరెంటు రెండువందల ముప్పై ఉండాలి. మధ్యాహ్నం నుంచీ నూట యాభై కూడా దాటడం లేదు. చక్రం కుడికి తిప్పితే ఆ పెట్టె దాన్ని పెంచి ఇస్తుంది. ఆయన నెమ్మదిగా తిప్పుతుంటే ముల్లు పైకి పాకింది, నిద్రలో తిరుగుతున్నట్టున్న ఫ్యాను లేచి పరిగెత్తింది, అప్పటిదాకా మూలుగుతున్న ఫ్రిజ్ సన్నగా పాడడం మొదలుపెట్టింది.

"ఆ మూలుగు విన్నావా? కరెంటు చాలక లోపలి మోటారు లేవలేకపోతోంది. అలాగే వదిలేస్తే కాలిపోతుంది."

"తక్కువైనా కాలుతుందాండీ?" నాకు నమ్మబుద్ధి కాలేదు.

"లేవలేని బరువును ఎత్తబోతే మనిషికి నరాలు తెగవూ? ఇదీ అంతే. తిరగని మోటారు తిరిగే మోటారుకన్నా ఎక్కువ లాగుతుంది. వేడెక్కి చస్తుంది."

ఎక్కువైతే కాలడం లోకానికంతా తెలుసు. తక్కువైనా కాలుతుందన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సూది గుడ్డలోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆఖరి తెరకు అంచు కుడుతున్నాను. బయట గాలి ఎక్కువగా ఉంది. సముద్రపు హోరు తప్ప ఇంకేమీ వినపడడం లేదు. ఫ్రిజ్ బాగా చల్లబడిందని పెద్దాయన దాన్ని అప్పుడే ఆపాడు. ఉన్నట్టుండి నా నెత్తిమీది బల్బు తెల్లగా, ఇంకా తెల్లగా, కళ్ళు మూసుకోవలసినంత తెల్లగా అయిపోయి, తుపాకీ పేలినట్టు పేలింది. నేను మీటరు వైపే తిరిగి ఉన్నాను. ముల్లు ఆఖరి గీత దాటి అంచుకు కొట్టుకుంది. పెద్దాయన ఒక్క ఉరుకున వచ్చి చక్రం వెనక్కి తిప్పాడు.

చీకట్లో ఆయన గొంతు వినపడింది. "మొన్న రేడియో పోయింది. ఇవాళ బల్బు. ఫ్రిజ్ ఆపి ఉండబట్టి బతికింది. రోజూ ఇదే వేళకు ఏదో ఒకటి. ఇంకొక్కసారి ఇలా జరిగితే సామాన్లు సర్దుకోవడమే."

ఆయన భార్య మెల్లగా, "తెరలు కూడా కుట్టించేశాం కదండీ" అంది.

ఆ మాట వింటూ ఇంటికి బయల్దేరాను. ఇసుక దిబ్బలు దాటి పొలాల గట్టు ఎక్కేసరికి ఏదో కొదవగా తోచింది. వచ్చేటప్పుడు ఆ గట్టు పొడవునా మోటార్ల చప్పుడు ఉండింది. కాలవలో నీళ్ళు రాని వేసవి కదా, ఎడగారు వరి, అంటే వేసవి పంట వేసినవాళ్ళంతా బావులకు కరెంటు మోటార్లు పెట్టుకున్నారు. ఇప్పుడు ఒక్కటీ మోగడం లేదు. కప్పల అరుపులు వినపడుతున్నాయి. నాకు వరసకు మామ ఒకాయన పార భుజాన వేసుకుని ఎదురొచ్చాడు.

"మామా, అందరూ మోటార్లు ఆపేసినారా?"

"గంట కొట్టినాక ఇంకెవురి కోసరం నడపాలమ్మే? చెయ్యి కడుక్కుని ఇంటికి పోబళ్ళా?"

"గంట వినంగానే ఆపుతారా? అందరూనా?"

"మాకు గడియారాలు ఉండాయా ఏంది! మీ నాయన తాడు లాగితే మేము చెయ్యి లాగతాం."

గట్టు మీదే నిలబడిపోయాను. ఒక బావి కాదు, రెండు బావులు కాదు. కనుచూపు మేర ఉన్న ప్రతి మోటారూ పగలంతా ఆ ఒక్క తీగనుంచే లాగుతోంది. అందుకే దీపాలు నీరసం. గంట మోగగానే అన్ని చేతులూ ఒక్కసారి మీటలు దించుతున్నాయి. అందుకే దీపాలు లేస్తున్నాయి. ఆదివారం సంగతి కూడా గుర్తొచ్చింది. ఆ లైనులో మోటార్లున్న చేలన్నీ దాదాపు మా చర్చి సంఘం వాళ్ళవే. ఆదివారం వాళ్ళు పొలానికి పోరు. ఆపడానికి మోటార్లే నడవనప్పుడు, ముందే తెల్లగా ఉన్న దీపం ఇంకెందుకు పెరుగుతుంది?

ఇంట్లో చెప్పాను. నాయన అన్నం కలుపుతూ విన్నాడు. అమ్మకు కోపం వచ్చింది. "అయితే అది ప్రభువు మహిమ కాదంటావా? లైబ్రరీకి పోనిస్తే తెచ్చిన తెలివి ఇదా?"

నాయన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి అప్పుడు అన్నాడు. "ఊరుకోమే. ఒక్క గంట కొడితే ఇన్ని చేలల్లో ఇంతమంది ఒకేసారి ఆపతన్నారు. ఇంట్లో నేను పిలిస్తే నువ్వొక్కదానివి పలకవు. మహిమ కాదా అది?"

అమ్మ నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నం చేసింది.

మర్నాడు పెద్దాయనకు చెప్పాను. ఆయన తల పట్టుకుని నవ్వాడు. పగలంతా తక్కువ వస్తోందని ఎవరో లైనుమేను దగ్గర మొరపెట్టుకుని ఉంటారు, అతను ఎక్కువ వోల్టులు వచ్చేలా ఊరి ట్రాన్స్‌ఫార్మరును పై మెట్టుకు మార్చి ఉంటాడు అన్నాడు. మోటార్లు ఆగగానే తీగలో కరెంటు ఉండాల్సినదానికన్నా పైకి పోతుంది. దాన్ని తన పెట్టె ఇంకొంత పెంచుతుంది. "తక్కువనుంచి కాపాడేందుకు పెట్టుకున్నదే ఎక్కువతో చంపుతోంది. గంట వినపడి ఉంటే ముందే కనిపెట్టేవాణ్ణి. ఇక్కడికి వినపడదే!"

నిజమే. సాయంత్రం గాలి సముద్రం మీదినుంచి ఊరి వైపు తోలుతుంది. గంట చప్పుడు పడమటికి పోతుందే తప్ప ఒడ్డుకు రాదు. మోటార్లు ఒకటొకటిగా ఆపమని రైతులను అడుగుదామా అన్నాడు పెద్దాయన. మా మామతో ఆ మాట అంటే, "ముందు ఎవుడు, ఎనక ఎవుడు? దానికి పంచాయితీ పెట్టి తేల్చేసరికి పంట కోతకొచ్చేస్తది" అన్నాడు.

గడియారం చూసుకుని ముందే చక్రం వెనక్కి తిప్పుదామంటే నాయన గంట గడియారానిది కాదు, పొద్దుది. మబ్బు పడితే ముందు, తెరిపిగా ఉంటే వెనక.

అప్పటిదాకా మా మాటలు వింటూ కూచున్న ఆమె కిటికీ తెర పక్కకు జరిపింది. సరుగుడు తోపు మీదుగా చర్చి గంట స్తంభం కొస కనపడుతోంది. "వినపడకపోతేనేం, కనపడుతోందిగా" అంది.

తెరలు కుట్టగా మిగిలిన ఎర్ర ఖద్దరు ముక్క నా దగ్గరే ఉంది. దానికి అంచు కుట్టి, తాడు దూర్చి నాయనకు ఇచ్చాను. గంట కొట్టే ముందు అది స్తంభం కొసకు ఎక్కాలి. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గుడి మీద ఎర్రజెండా చూస్తే అయ్యగారు ఏమంటారో" అన్నాడు. మా పాస్టరుగారు విషయం విని, "జబ్బుమనిషి కోసమే కదా, ఎక్కించు" అన్నాడట.

ఆ సాయంత్రం ఫ్రిజ్ ఆపలేదు. ఆమె ఆపనివ్వలేదు. "ఇది తేలాలి కదండీ" అని పెట్టె ముందు పీట వేసుకుని తనే కూచుంది. చెయ్యి చక్రం మీద, చూపు కిటికీలోంచి స్తంభం మీద. పెద్దాయన నిలబడలేక, కూచోలేక మీటరు ముల్లును చూస్తున్నాడు. నేను ఫ్రిజ్ మీద చెయ్యి వేశాను. లోపల మోటారు తిరుగుతున్న సన్నటి అదురు అరచేతికి తెలుస్తోంది.

సరుగుడు చెట్ల పైన ఎర్రగా ఒక చుక్క ఎక్కింది.

"వచ్చింది" అని ఆమె చక్రం వెనక్కి తిప్పింది. బల్బు ఎర్రబడి, గురివింద గింజంత అయింది. ఫ్యాను నిలిచిపోయేలా నెమ్మదించింది. నా అరచేతి కింద ఫ్రిజ్ ఒకసారి అదిరి, మూలగడం మొదలుపెట్టింది. పెద్దాయన చెయ్యి ఫ్రిజ్ మీట మీదికి పోయింది. "ఆగండి" అంది ఆమె.

మాకు ఏమీ వినపడలేదు. అలల చప్పుడే. కానీ ఆ క్షణాన మైలు అవతల మా నాయన తాడు లాగుతున్నాడని, పొలాల్లో నడుములు నిటారవుతున్నాయని, చేతులు మీటల వైపు చాస్తున్నాయని నాకు తెలుసు.

ఎవరూ చక్రం ముట్టుకోలేదు. గురివింద గింజ నిమ్మపండు రంగుకు తిరిగింది. ఇంకా పెరిగింది. ఒకరి తర్వాత ఒకరు మోటార్లు ఆపుతున్నట్టే మెట్టు మెట్టుగా, చివరికి మల్లెపువ్వులా తెల్లగా, అక్కడ ఆగింది. ముల్లు రెండువందల ముప్పై దాటి ఓ వెంట్రుకవాసి పైన నిలబడింది. నా చేతి కింద మూలుగు పోయి పాట వచ్చింది.

పెద్దాయన మంచం మీద కూలబడి ముఖం తుడుచుకున్నాడు. ఆమె బల్బు వైపే చూస్తోంది. ఆ వెలుగులో ఆమె ముఖం పసిపిల్ల ముఖంలా ఉంది.

"అందరూ ఇళ్ళకు పోతున్నారు" అంది, వాళ్ళంతా ఆ బల్బులోంచే నడిచిపోతున్నట్టు.

నేను చదివిన పుస్తకంలో వోల్టులు ఉన్నాయి, తీగలు ఉన్నాయి. మా ఊరి రైతుల అలసట ఒక దీపంలో కనపడుతుందని మాత్రం అందులో లేదు.

వానలు మొదలయ్యేదాకా వాళ్ళు ఆ ఒడ్డునే ఉన్నారు. రోజూ చక్రం దగ్గర కూచున్నది ఆమే. ఒక్క ఆదివారం మాత్రం ఎర్రగుడ్డ ఎక్కేది కాదు. ఆ సాయంత్రాలు ఆమె తలుపు తీసుకుని, మెట్టు మీద కాళ్ళు చాపుకుని, సముద్రం చూస్తూ కూచునేది.