ముత్యం నమ్మిన వాల్వు

మెట్‌పల్లిల రేడియో మూగవోతే ముత్యం దగ్గరికి పోవుడు తప్ప ఇంకో తొవ్వ లేకుండె. పద్మశాలోళ్ల ఇంట్ల పుట్టినా మగ్గంల కాలువెట్టలే. హైదరాబాదుల ఒక రేడియో దుకాన్ల ఆరేండ్లు పని నేర్సుకొని, యాభై మూడుల ఊరికొచ్చి బస్టాండు ఎనుక చిన్న దుకాన్ వెట్టిండు. మనిషి మంచోడే, గని జర మొండి. రేడియో సంగతి ముత్యం ఒక్కసారి చెప్తె దానికి ఇగ అప్పీలు లేదు.

రేడియోల గాజు వాల్వులుంటయి, అవి లోపల ఎర్రగ కాగితేనే పాటొస్తది. ఏది మంచిదో, ఏది అరిగిందో చెప్పే మిషన్ హైదరాబాదుల ఉంటది గని మెట్‌పల్లిల ఏడ దొరుకుతది? అందుకని ముత్యం వచ్చేటప్పుడే ఒక కొత్త సౌండు వాల్వు తెచ్చుకున్నడు. దానికి సాక్షి అని పేరువెట్టి, మగ్గంకాడి తెగిన నూలు పోగులల్ల సుట్టి డబ్బాల దాసిండు. ఎవల రేడియోల సౌండు తగ్గినా లోపలి వాల్వు గుంజి సాక్షిని వెడ్తడు. సౌండు పెరిగిందా, పాత వాల్వు పోయినట్టు. పెరగలేదా, వాల్వు మంచిగున్నట్టు. ఎంతమంది అడిగినా దాన్ని అమ్మలే. తహసీల్ కచేరి పెద్దసారు మనిషిని పంపినా ఇయ్యలే. గంత పావురం, గంత ప్రేమ దాని మీద.

అరవై మూడుల రిబ్కమ్మ వచ్చింది. క్రైస్తవ మిషనోళ్ల దవాఖానల ఆయాగ చేసి నౌకరీ దిగిపోయిన ముసలామె. సొంత దేశం పోయిన తెల్లదొరసాని నర్సు ఇచ్చిన రేడియో అంటే ఆమెకు పాణం. మెథడిస్టు చర్చిల ఆదివారం పాట ఎత్తుకునేది గూడ రిబ్కమ్మనే. హార్మోనియం పెట్టె లేదు, మద్దెల లేదు, ఆమె ఏ శృతిల మొదలువెడితే అందరు గదే పట్టుకోవాలె. రేడియో సన్నగ పలుకుతున్నది, నాకు సరిగ ఇనవడ్తలేదు అన్నది. ముత్యం సాక్షిని వెట్టిండు. సౌండు ముందెంతున్నదో గంతే ఉన్నది. మళ్ల పాతది వెట్టిండు, గంతే. మిగిలిన వాల్వులు, వైర్లు అన్ని చూసిండు, ఏ లోపం దొరకలే. ఇగ మిగిలింది ముసలామె చెవులేనని నవ్వుకుంట చెప్పిండు. ఆ నవ్వే చేసింది పాపం.

"రేడియోకేం రోగం లేదు పెద్దవ్వా. నీ చెవులే మందమైనయి."

రిబ్కమ్మ రేడియోను కొంగుతోని తుడిచి, మూటగట్టుకొని పోయింది.

ఏడాది గడిచింది. బస్టాండుల చాయ్ హోటల్ నడిపే పర్శరాములు రేడియోల సౌండు వాల్వు పగిలితే, ముత్యం హైదరాబాదుకెల్లి కొత్తయి రెండు తెప్పిచ్చిండు, ఒకటి పర్శరాములుకు, ఒకటి దగ్గర ఉంటదని. కొత్తది వెట్టి మీట తిప్పిండో లేదో, పాట దుకాన్ దాటి బస్సుల కూసున్నోళ్ల దాక పోయింది. పర్శరాములు ఉలిక్కిపడి లేచిండు. ముత్యానికి అనుమానమొచ్చి కొత్తది తీసి సాక్షిని వెట్టిండు. సౌండు సగానికి వడ్డది. మూడుసార్లు మార్చిండు, మూడుసార్లు గంతే. ఓర్నీ! పదకొండేండ్ల సంది అందరి వాల్వులకు పరీక్ష వెట్టుకుంట, కాగి కాగి, సాక్షే అరిగిపోయింది. దాన్ని పరీక్ష జేయాలన్న సోయి ఒక్కనాడన్న రాలే. అరిగిన వాల్వు తీసి అరిగిందే వెడితే సౌండు ఎట్ల పెరుగుతది?

ఆ పూట అన్నం సయించలే. భార్య బాలలక్ష్మి అడిగి అడిగి సంగతి చెప్పిచ్చుకున్నది. అప్పుడు ఆమె బావికాడ ఇన్న ముచ్చట చెప్పింది. రిబ్కమ్మ ఏడాది సంది పాట ఎత్తుకుంటలేదట. చెవులు పోయినయి, శృతి తప్పితే నలుగుట్ల ఇజ్జత్ పోతదని చర్చిల ఎనుక వరుసల కూసుంటున్నదట. ముత్యం చప్పుడు చేయకుంట కొత్త వాల్వు వెట్టొస్త అన్నడు. ఆమె చెవులు వాటంతటవే మంచిగైనయని చెప్తవా అని బాలలక్ష్మి అడిగితే, సాక్షిని గూడ తీసుకపోయి ఆమెకే ఇనిపిస్త అన్నడు.

తెల్లారి సాక్షిని, మిగిలిన కొత్త వాల్వును పట్టుకొని పోయిండు. రిబ్కమ్మ ముంగట ఒకదాని తర్వాత ఒకటి వెట్టి ఇనిపిచ్చిండు. గీ మాట ఊర్లె తెలిస్తే తన దగ్గరికి ఇంకెవరు రారేమోనన్న భయం ఉండనే ఉండె, అయినా చెప్పిండు.

"తప్పు నాది పెద్దవ్వా. నీ చెవులు మంచిగనే ఉన్నయి. నా వాల్వే అరిగింది."

ఆమె మీట తిప్పి సౌండు తగ్గిచ్చింది.

"ఏడాది నేను నోరు మూసుకున్న, బిడ్డా."

తిడితే బాగుండు అనిపిచ్చింది ముత్యానికి. ఆదివారం మళ్ల పాట ఎత్తుకొమ్మని బతిమాలిండు. ఆమెకు ధైర్నం రాలే, నిజంగనే శృతి తప్పితే నాకు చెప్పేదెవరు అన్నది. నేనొచ్చి కిటికీకాడ నిలవడ్త, తప్పితే చెయ్యి లేపుత, నా దిక్కు సూడు అన్నడు ముత్యం. తనయి ఇన్నేండ్లు రేడియో పాటలిన్న చెవులాయె, గా మాత్రం తెలుస్తది.

ఆదివారం చర్చి కిటికీ బయట చెప్పులిడిచి నిలవడ్డడు. ఎనుక వరుసలకెల్లి రిబ్కమ్మ లేసింది. కండ్లు మూసుకొని ఎత్తుకున్నది. మొదటి మాటకు గొంతు జీరవోయింది, ముత్యం చెయ్యి లేవబోయింది. రెండో మాటకు సాఫైంది. జనమంత అందుకున్నరు. తన దిక్కు ఎప్పుడు సూస్తదోనని ముత్యం కదలకుండ నిలవడ్డడు. ఐదు చరణాలు శృతి తప్పకుంట అయిపోయినయి. రిబ్కమ్మ ఒక్కసారి గూడ కిటికీ దిక్కు సూడలే.