నిమ్మ ఉప్పు నీళ్లలో తేలిన పేరు

నా చిన్నప్పుడు నాకు నోటి దురుసు ఎక్కువ. మనసులో ఏది పడితే అది వీధి చివరిదాకా వినిపించాల్సిందే. తొంభైల్లో మేం తిరుపతిలో ఒక బోరు నీళ్ల వీధిలో అద్దెకుండేవాళ్లం. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. కుళాయి కింద పెట్టిన గిన్నె నెల తిరిగేసరికి సున్నం కొట్టినట్టు గార కట్టేది. పీచుతో ఎంత తోమినా మా అమ్మ చేతులు అరిగేవే కానీ గార వదిలేది కాదు.

మా తమ్ముడికి చెవులు కుట్టించిన రోజు వీధిలో అందరి ఇళ్ల నుంచీ బిందెలు, గంగాళాలు తెచ్చుకున్నాం. స్టీలు సామాను మీద పేర్లు కొట్టించుకునేది అందుకే. పని అయ్యాక పేరు చూసి ఎవరిది వాళ్లకు ఇచ్చేయొచ్చు. అన్నీ ఇచ్చేశాక చూస్తే మా పెద్ద బిందె లేదు. అమ్మ రెండు రోజులు వెతికి ఊరుకుంది. నేను ఊరుకోలేదు.

కొన్ని నెలలకు పక్కింటి అక్క పెరట్లో, కుళాయి కింద, అచ్చం మా బిందె లాంటిది కనిపించింది. మెడ చుట్టూ గార పట్టి పేరు కనపడలేదు. నాకు ఆ సాక్ష్యం చాలు. మంచినీళ్ల ట్యాంకరు దగ్గర ఆడవాళ్లంతా వరుసలో ఉండగా, మా బిందె ఆ అక్క దాచుకుందని గట్టిగా చెప్పేశాను. ఆ అక్క శ్రీకాళహస్తి నుంచి కొత్తగా వచ్చి, ఇంట్లోనే జాకెట్లు కుట్టి బతికేది. ఆ వారం ఆమె ఇంటికి ఒక్కరూ గుడ్డ తీసుకుని వెళ్లలేదు. నాకు మాత్రం ఘనకార్యం చేసినట్టుండేది.

ఆదివారం పొద్దున అక్క నన్ను పిలిచింది. తిడుతుందనుకున్నాను. ఆమె వేడినీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపింది. పెళ్లిళ్లలో వంటవాళ్లు పులుపు కోసం వేసేదే, కొట్లో పొట్లం కట్టి ఇస్తారు. పాత గుడ్డను ఆ నీళ్లలో తడిపి బిందె మెడకు చుట్టింది. గార మీద సన్నగా బుడగలు లేచాయి. ఇక ముట్టకుండా కూర్చోమంది. నేనా కూర్చునేది! అయిదు నిమిషాలకోసారి గుడ్డ ఎత్తి చూశాను, మా అమ్మ పేరు కోసం. గంట గడిచాక అక్క గుడ్డ తీసి చేత్తో తుడిచింది. గార మెత్తగా ఊడి వచ్చింది. కింద చుక్కలు చుక్కలుగా పేరు. మా అమ్మది కాదు. చనిపోయిన తన అమ్మ పేరని అక్క చెప్పింది.

అక్క ఆ పేరును వేలితో తడుముతూ చాలాసేపు ఉండిపోయింది. ఒక దెబ్బ వేసినా బాగుండేదనిపించింది. నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడు అక్క అంది: “నలుగురి ముందర అంటివి మే, నలుగురి ముందరే చెప్పాల. భయపడొద్దు, నేను పక్కనే ఉంటా.”

సాయంత్రం ట్యాంకరు వచ్చింది. అక్క ఆ బిందె చంకన పెట్టుకుని నా పక్కన నిలబడింది. నేను ఆమె చీర చాటుకు జరిగాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. బిందె అక్కదేనని, తప్పు నాదేనని చెప్పేశాను. ఆ రోజే ఐరాల నుంచి వచ్చిన మా అవ్వ నెత్తిన చెయ్యి పెట్టుకుని, “చెవులు కుట్టిన రోజే మన బిందెలో చింతపండు పోసి అటక మీద పెట్టింది నేనే గదమ్మా” అంది. వీధంతా ఒకటే నవ్వు. అక్క అందరికన్నా ఎక్కువ నవ్వింది. మరునాడు జాకెట్ గుడ్డతో ఆమె గడప తొక్కిన మొదటి మనిషి మా అమ్మే.

నా నోటి దురుసు పూర్తిగా పోయిందని చెప్పను. కానీ ఎవరినైనా తప్పుగా అంటే, ఎందరి ముందు అన్నానో అందరి ముందూ ఒప్పుకుంటాను. నా పిల్లలు ఏదో తప్పు చేసి తల దించుకుని వచ్చినప్పుడు, తిట్టడానికే నోరు తెరుస్తాను. అంతలో ఆ చెయ్యి నా భుజం మీద తెలుస్తుంది. నోరు మూసుకుని, చెప్పులు వేసుకుని, వాళ్ల వెంట బయల్దేరతాను.